కాకుల్ని లెక్కపెట్టిన పిల్లవాడికి పాఠం చెప్పేవారికి

"బోర్డు చూస్తావా, బయట కాకుల్ని లెక్కపెడతావా?" అని గద్దించారు. పిల్లవాడు కిటికీ వైపు తిరిగి చూసి, "ఏడున్నాయి సార్" అన్నాడు. తరగతంతా గొల్లుమంది, మీకు ఒళ్లు మండింది. నంద్యాల, ఆళ్లగడ్డ బడుల్లో పనిచేసే టీచర్లూ, ఒక్క క్షణం ఆగండి. వాడు ఎదురు చెప్పలేదు, అడిగినదానికి జవాబిచ్చాడు.

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి వెటకారం, సామెత, దెప్పిపొడుపు అందవు. మెదడు రెండు సగాలనూ కలిపే నరాల కట్ట, కార్పస్ కలోసమ్, పుట్టుకతోనే లేనివారి విషయంలోనూ ఇదే కనిపించింది. తెలివితేటలు మామూలుగా ఉన్నా జాతీయాల భావం, గొంతులోని కోపతాపాలు పట్టుకోవడం వాళ్లకు కష్టమవుతోందని లిన్ పాల్, వారెన్ బ్రౌన్ పరిశోధక బృందం 2003లో రాసింది.

అయితే తొందరపడి ఆటిజం అని పేరు పెట్టకండి. వినికిడి సరిగా ఉందో లేదో ముందు పరీక్ష చేయించాలి. నంద్యాలలో ఉర్దూ మాట్లాడే ఇళ్లు చాలా ఉన్నాయి, ఆ పిల్లలకు మన తెలుగు నుడికారం కొత్త కావచ్చు.

చెప్పదలిచిన పనిని సూటిగా చెప్పండి. ముందు పేరు పెట్టి పిలిచి, "బోర్డు మీద మూడో లెక్క రాసుకో" అనండి. మనం "చూద్దాంలే" అంటే చాలాసార్లు కాదనే అర్థం. ఈ పిల్లవాడు మాత్రం సాయంత్రం దాకా ఎదురుచూస్తాడు, పాపం. "ఇవాళ ఆట లేదు, రేపు మూడో పీరియడ్‌లో ఉంది" అంటే సరిపోతుంది. "అర్థమైందా?" అంటే ఎవరైనా తలూపుతారు. "ఏం చెయ్యమన్నాను, చెప్పు" అని అడగండి.

అలాగని నుడికారాన్ని వాడికి పూర్తిగా దూరం చేయడం నాకు ఇష్టం లేదు. బడి బయట ఊరంతా ఆ భాషే మాట్లాడుతుంది. శిల్పుల ఊరు ఆళ్లగడ్డలో "రాయిలా కూర్చున్నావేం?" అంటే, చెక్కుతున్న రాళ్లను రోజూ చూసే పిల్లవాడు తికమకపడడూ? ఒక నోటుబుక్ పెట్టండి. ఎడమ పేజీలో "తల తినొద్దు", కుడి పేజీలో "అడిగిందే మళ్లీ మళ్లీ అడగొద్దు". వారానికి ఒకటి నేర్పినా చాలు.

ఏ రోజు మీరేమన్నారో, వాడేం చేశాడో ఆ మాటల్లోనే రాసిపెట్టుకోండి. తల్లిని పక్కకు పిలిచి, నలుగురిలో కాకుండా, చూపించండి. అవే కాగితాలు మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం టీచరుకూ, డాక్టరుకూ పనికొస్తాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. ఆ పత్రం వచ్చేదాకా ఆగక్కర్లేదు, మాట తీరు రేపే మార్చుకోవచ్చు.

జూన్‌లో తరగతి మారినప్పుడు ఆ నోటుబుక్‌ను కొత్త టీచరు చేతికివ్వండి. ఏ మాటకు బెదురుతాడో, ఏ మాట నేర్చాడో అందులో ఉంటుంది.