కమానుతో డోలు వాయించడం ఎలా?

పిల్లలూ! మాస్టారు నల్లబల్ల మీద రాస్తూంటే సుద్దముక్క ఒక్కోసారి 'కీచ్'మని అరుస్తుంది. తరగతి తరగతంతా చెవులు మూసుకుంటుంది. అదే సుద్దముక్కతో బల్లను కొడితే 'టక్'మంటుంది, అంతే. చెవులు మూసుకునే పని ఉండదు. సుద్దముక్క అదే, బల్లా అదే. మరి రెండు ధ్వనులకూ ఇంత తేడా ఎందుకు? ఈ ప్రశ్నను జేబులో వేసుకుని అమెరికాలోని ఒక వాద్యబృందం దగ్గరకు వెళ్దాం రండి.

దాని పేరు టర్టిల్ ఐలాండ్ స్ట్రింగ్ క్వార్టెట్. క్వార్టెట్ అంటే నలుగురి మేళం. ఇద్దరు వయొలిన్ వాయిస్తారు. ఒకరు దానికంటే కాస్త పెద్దదైన వయోలా వాయిస్తారు. నాలుగో వారిది చెల్లో. అది ఎంత పెద్దదంటే కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని వాయించాలి. ఐరోపాలో ఈ నలుగురి మేళం 18వ శతాబ్దంలో, హైడన్ అనే సంగీతకర్త కాలం నుంచి ఉన్నదే. ఏ స్వరం ఎవరు ఎంతసేపు పలికించాలో ముందే కాగితం మీద రాసి ఉంటుంది. వాద్యకారులు దాన్ని చూసి వాయిస్తారు.

1985లో శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో డేవిడ్ బాలకృష్ణన్ అనే వయొలిన్ విద్వాంసుడు ఈ పద్ధతిని మార్చాలనుకున్నారు. (పేరు చూసి మీరు ఊహించింది నిజమే, ఆయన తండ్రి భారతీయుడు.) అదే నలుగురి మేళంతో జాజ్ సంగీతం, అమెరికా పల్లె సంగీతం వాయించాలని, అందులో అప్పటికప్పుడు అల్లి వాయించడం కూడా ఉండాలని ఆయన కోరిక. ఈ 'అప్పటికప్పుడు అల్లడం' మనకు కొత్తేమీ కాదు. కచేరీలో విద్వాంసులు కల్పనస్వరాలు వేస్తారు కదా, ఏ కాగితం చూసి వేస్తారు? ఇక పేరు సంగతి. ఉత్తర అమెరికా ఖండాన్ని అక్కడి ఆదివాసి జాతుల్లో కొన్ని 'తాబేటి దీవి' అంటాయి. భూమి తాబేలు వీపు మీద ఏర్పడిందని వాళ్ల కథ. కూర్మావతారం గుర్తుకొస్తోంది కదూ!

కోరిక బాగానే ఉంది కాని చిక్కు ఒకటి వచ్చింది. జాజ్ నడక అంతా డ్రమ్ముల మీద, డబుల్ బాస్ అనే నిలువెత్తు తీగవాద్యం మీద ఆధారపడి ఉంటుంది. మృదంగం లేకుండా కచేరీ వినండి, ఏదో కాలు జారినట్టుంటుంది. ఇక్కడేమో నలుగురి చేతుల్లోనూ కమానులే! డ్రమ్ములవాణ్ణి పిలిస్తే ఐదుగురవుతారు, నలుగురి మేళం కాకుండా పోతుంది. మరి దెబ్బ ఎవరు వేయాలి?

దీనికి జవాబు తెలియాలంటే కమాను అసలు స్వరాన్ని ఎలా పుట్టిస్తుందో ముందు చూడాలి. నా చిన్నప్పుడు మా ఊరికి హరికథ చెప్పడానికి ఒక దాసుగారు వచ్చారు. ఆయన వెంట వచ్చిన ఫిడేలు వాద్యకారుడు కమానును పక్కన పెట్టగానే నేను వెళ్లి దాని వెంట్రుకలను వేళ్లతో నిమిరాను. అప్పుడే పకోడీలు తిన్న చేతులు! ఆయన కోప్పడలేదు కాని, "నాయనా, నూనె తగిలితే ఇది ఇక పలకదు" అని గుడ్డతో తుడిచి, సంచిలోంచి తేనెరంగు ముద్ద ఒకటి తీసి వెంట్రుకలకు చాలాసేపు రాశారు. ఆ ముద్దే రోజిన్. పైన్ చెట్ల జిగురు నుంచి తయారవుతుంది. కమానుకు కట్టేవి గుర్రపు తోక వెంట్రుకలు. రోజిన్ లేని వెంట్రుకలు తీగ మీద ఊరికే జారిపోతాయి. ఇంచుమించు చప్పుడే రాదు.

రోజిన్ రాసిన వెంట్రుకలు తీగను పట్టుకుంటాయి. కమాను కదులుతుంటే తీగ కూడా దానితోపాటు పక్కకు సాగుతుంది. కొంతదూరం పోయాక తీగ బిగువు గెలుస్తుంది, తీగ చటుక్కున జారి వెనక్కి వస్తుంది. వెంట్రుకలు మళ్లీ పట్టుకుంటాయి. మళ్లీ జారుతుంది. మీరు చదువుకున్న స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణ ఇక్కడ వంతులవారీగా పనిచేస్తున్నాయన్నమాట. నల్లబల్ల మీద సుద్దముక్క అరిచేదీ ఇందుకే.

ఈ జారుడు ఇష్టం వచ్చినప్పుడల్లా జరగదు. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ తీగకు ఒక పిండి రేణువును అంటించి, సూక్ష్మదర్శినితో దాని కదలికను పరిశీలించి, 1863లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని వివరించాడు. కమాను లాగుతున్నప్పుడు తీగ మన కంటికి నిండు విల్లులా వంగినట్టు కనిపిస్తుంది. నిజానికి అది రెండు తిన్నని గీతలుగా, మధ్యలో ఒక మడతతో ఉంటుంది. ఆ మడత తీగ వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి పోయి, తిరిగి వస్తుంది. అది కమాను దగ్గరకు వచ్చినప్పుడల్లా 'వదులు', 'పట్టుకో' అని చెబుతున్నట్టే.

కాస్త లెక్క వేద్దాం. వయొలిన్‌లో మోగే తీగ పొడవు సుమారు 32.5 సెంటీమీటర్లు. మడత ఒకసారి పోయి రావడానికి 65 సెంటీమీటర్లు ప్రయాణించాలి. పాశ్చాత్యులు 'ఎ' అనే తీగ పౌనఃపున్యం సెకనుకు 440. అంటే మడత సెకనులో 440 సార్లు తిరగాలి. 0.65ను 440తో గుణించండి. 286 మీటర్లు వచ్చిందా? గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. తీగ మీది మడత దానికి కొంచెమే వెనకబడి ఉంది! అన్ని తిరుగుళ్లూ సమానకాలంలో జరుగుతాయి కాబట్టే మన చెవికి అది స్వరంగా వినిపిస్తుంది. ఆ క్రమం లేకపోతే మిగిలేది కఠోర ధ్వని. సుద్దముక్క 'టక్'మన్నది అలాంటిదే.

ఇప్పుడు మన చిక్కుకు వద్దాం. జవాబు పల్లె సంగీతం నుంచి వచ్చింది. అమెరికాలో బ్లూగ్రాస్ అనే ఒక రకం పల్లె సంగీతం ఉంది. అందులో మామూలుగా డ్రమ్ములుండవు. మాండలిన్ వాయించేవారు తీగలను మీటి వెంటనే అదిమేసి, 'చక్ చక్' అని దెబ్బ వేస్తారు. 1960లలో రిచర్డ్ గ్రీన్ అనే ఫిడేలు విద్వాంసుడు ఈ దెబ్బను కమానుతో వేసే పద్ధతి కనిపెట్టారు. దాన్ని 'చాప్' అంటారు. ఆయన దగ్గర నేర్చుకున్న డారోల్ యాంగర్ బాలకృష్ణన్ బృందంలో మొదటినుంచీ ఉన్న వయొలిన్ విద్వాంసుడు. అలా చాప్ నలుగురి మేళంలోకి వచ్చింది.

చాప్‌లో కమానును అడ్డంగా లాగరు. చేత్తో పట్టుకునే చివర బరువు ఎక్కువ కదా, ఆ భాగాన్ని తీగ మీదికి నిలువుగా పడేస్తారు. వెంట్రుకలు తీగను గట్టిగా కరిచి, రవ్వంత గీరి, అక్కడే ఆగిపోతాయి. ఎడమచేతి వేళ్లు తీగలను తేలిగ్గా ముట్టుకుని మోగకుండా ఆపుతాయి. పాపం, మడతకు తిరిగే దారే దొరకదు! క్రమం కుదరకముందే కథ ముగుస్తుంది. స్వరం చచ్చిపోయి, 'చక్' ఒక్కటే బతికి బయటపడుతుంది. కమానును పైకి లేపేటప్పుడు ఇంకో చిన్న చప్పుడు. నేర్పు ఉన్నవారు ఈ రెంటినీ కలిపి దరువు వేస్తారు. ఫిడేలు నేర్చుకునేవాళ్లు గీరుడు చప్పుడు రాకుండా ఏళ్ల తరబడి సాధన చేస్తారు. ఇక్కడ ఆ గీరుడునే కావాలని, తాళానికి సరిగ్గా తెప్పించాలి. ఏది కష్టమో మీరే చెప్పండి.

డబుల్ బాస్ పని చెల్లో తీసుకుంది. బృందంలో మొదటి చెల్లో విద్వాంసుడు మార్క్ సమ్మర్ కమానును పక్కకు పెట్టి, తీగలను వేళ్లతో మీటి ఆ గంభీర స్వరాలు తెప్పించేవారు. అయితే డబుల్ బాస్ అడుగు తీగ పౌనఃపున్యం సుమారు 41, చెల్లోది సుమారు 65. ఆ మధ్యనున్న స్వరాలు చెల్లోకు అందవు. అందుకని పాటను దానికి తగ్గట్టు పైకి జరుపుకోవాలి.

ఈ బృందానికి పెద్ద పరీక్ష 2007లో వచ్చింది. జాన్ కోల్ట్రేన్ 1964 డిసెంబరులో రికార్డు చేసిన 'ఎ లవ్ సుప్రీమ్' జాజ్‌లో మహా ప్రసిద్ధం. (మన పండిట్ రవిశంకర్ మీది అభిమానంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్న కోల్ట్రేన్ ఈయనే.) అక్కడా నలుగురే: సాక్సాఫోన్, పియానో, బాస్, డ్రమ్ములు. దాన్ని వీళ్లు నాలుగు తీగవాద్యాల మీద వాయించి రికార్డు విడుదల చేశారు. దానికి 2008లో గ్రామీ బహుమతి వచ్చింది. సాక్సాఫోన్ ఊదే దీర్ఘస్వరం కమానుకు తేలికే, అదీ ఆగకుండా సాగేదే కదా. డ్రమ్ముల దగ్గరే కష్టం. దెబ్బ వరకు చాప్ సరిపోతుంది కాని, ఇత్తడి తాళాన్ని కొట్టాక చాలాసేపు నిలిచే ఆ ఝుమ్మనే మోత చాప్‌లో రాదు. ఎలా వస్తుంది, తీగను పట్టి ఆపడమే చాప్ అయినప్పుడు? నా చెవికి ఆ లోటు తెలుస్తుంది. మీ చెవికి తెలుస్తుందో లేదో రెండు రికార్డులూ పక్కపక్కన విని చూడండి.

వయొలిన్ లేకపోయినా ఒక ప్రయోగం ఇంట్లో చేయవచ్చు. అంచు పలచగా ఉన్న గాజుగ్లాసు తీసుకోండి (పెచ్చు లేచినది వద్దు, వేలు తెగుతుంది). అడుగున ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేలు తడిపి అంచు మీద గుండ్రంగా, నెమ్మదిగా తిప్పండి. కాసేపటికి గ్లాసు పాడుతుంది. అదే కమాను పని. ఇప్పుడు తిప్పుతూ తిప్పుతూ వేలిని గట్టిగా నొక్కి ఆపేయండి. పాట తెగిపోతుంది. చివర్న 'గర్'మన్న చిన్న ముక్క వినిపించిందా? తర్వాత గ్లాసులో సగానికి నీళ్లు పోసి మళ్లీ తిప్పి, స్వరం పైకి పోయిందో కిందికి దిగిందో రాసి పెట్టుకోండి. గ్లాసు ఎంతకీ పలకకపోతే ఆ రోజు ఏం తిన్నారో గుర్తు తెచ్చుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని మళ్లీ మొదలుపెట్టండి.