అమ్మమ్మ ఒడి, మనందరి పూచీ



తల్లిదండ్రులు లేని తన పినతండ్రి కూతురిని మొర్దెకయి సొంత బిడ్డగా పెంచుకొన్నాడని ఎస్తేరు గ్రంథం రెండవ అధ్యాయంలో చదువుతాము. ఆ బిడ్డయే తరువాత రాణియై తన ప్రజలను కాపాడింది.

అటువంటి మొర్దెకయిలు మన విచారణలలోనూ ఉన్నారు. మామిడిపల్లి, శంషాబాదు వైపు ఒక అమ్మమ్మను తలచుకోండి. కూతురు, అల్లుడు చనిపోయారు. మనవలిద్దరు ఆమె దగ్గరే ఉన్నారు. మోకాళ్ల నొప్పులతోనే వంట చేసి, వారిని బడికి పంపుతుంది. ఆదివారం పూజ తరువాత మనము "నీ ఓపిక గొప్పదమ్మా" అని ఇంటికి వెళ్లిపోతాము. ఆ మాటతో బియ్యం డబ్బా నిండదు.

కొందరు "హాస్టల్లో వేయరాదా?" అని సలహా ఇస్తారు. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం బిడ్డకు తగిన చోటు కుటుంబమే. ఆశ్రమం చివరి మార్గం మాత్రమే. పోప్ ఫ్రాన్సిస్ కూడా 2016లో కుటుంబ జీవితంపై వ్రాసిన ఉపదేశంలో, తల్లిదండ్రులు లేని పిల్లలకు బంధువర్గమంతా అండగా నిలవాలని కోరారు.

ప్రభుత్వ సహాయమూ ఉంది. కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకం 2022 మార్గదర్శకాల ప్రకారం, బంధువుల ఇంట పెరిగే అనాథ బిడ్డకు నెలకు 4,000 రూపాయలు మంజూరు కావచ్చు. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు మించరాదు. బిడ్డ బడి మానరాదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి. దారి తెలియకపోతే 1098కు ఫోను చేసి అడగవచ్చు.

అయితే మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, బ్యాంకు ఖాతా అంటూ ఆఫీసుల చుట్టూ ఆ ముసలితల్లి ఒక్కతే తిరగగలదా? చదువుకొన్న మన యువకులు తోడు వెళ్లాలి. జ్ఞానస్నానమప్పుడు మాట ఇచ్చిన జ్ఞానతల్లిదండ్రుల బాధ్యత అసలు ఇప్పుడే మొదలవుతుంది. పొరుగు తల్లి సాయంత్రం ఒక గంట పిల్లలను చదివించినా, అమ్మమ్మ కాస్త నడుము వాల్చుకొంటుంది.

ఒక్క జాగ్రత్త. సహాయం చేస్తూ పిల్లల ముందు "పాపం, అనాథలు" అనకండి. వారికి అమ్మమ్మ ఉంది, మనమూ ఉన్నాము.

ఇంట్లో చర్చించండి:
1. మన వీధిలో మనవలను, మేనల్లుళ్లను పెంచుతున్నవారెవరు?
2. వారికి నిజంగా ఏమి కావాలో ఎప్పుడైనా అడిగామా?
3. ఈ వారం మన ఇంటి నుండి చేయగల ఒక్క పని ఏది?