గుర్రాల నిధికి లెక్కల కాపలా

అమెరికా సీపీఏ (సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్) పూర్తిచేస్తే చాలు, పెద్ద ఆడిట్ సంస్థలో కొలువు ఖాయమన్న నమ్మకం తెలుగు రాష్ట్రాల కామర్స్ విద్యార్థుల ఇళ్లలో బలంగా పాతుకుపోయింది. లాభాపేక్ష లేని సంస్థ అంటే దానధర్మాల వ్యవహారమనీ, అక్కడ లెక్కలు చూసేవారికి ఎదుగుదల ఉండదనీ మరో అపోహ దానికి తోడైంది. ఆ సంస్థల్లో ఎంత డబ్బు ఎన్ని చేతులు మారుతుందో, దానిపై నిఘాకు ఎలాంటి నైపుణ్యం కావాలో తెలియాలంటే అమెరికాలో గుర్రాల పెంపకందారులకు ప్రోత్సాహకాలు పంచే నిధుల పనితీరును చూడాలి.

కెంటకీ పెంపకందారుడు జాన్ గెయిన్స్ 1982లో ప్రతిపాదించగా, 1984లో కాలిఫోర్నియాలోని హాలీవుడ్ పార్క్‌లో తొలిసారి జరిగిన బ్రీడర్స్ కప్ ఇందుకు పేరున్న ఉదాహరణ. జాతి మగ గుర్రాన్ని, అంటే స్టాలియన్‌ను, పోషించే యజమాని చూలు కట్టించడానికి వసూలు చేసే రుసుము ఆధారంగా లెక్కగట్టిన మొత్తాన్ని నిధికి చెల్లిస్తాడు. ఆ స్టాలియన్‌కు పుట్టిన పిల్లను నమోదు చేయించడానికి మరో రుసుము ఉంటుంది. ఆ సొమ్మే తరువాత పందెపు బహుమతులకూ పెంపకందారుల ప్రోత్సాహకాలకూ ఆధారమవుతుంది. పుట్టిన ఏడాది నమోదైన పిల్ల రెండేళ్ల వయసుకు గాని పరుగుకు దిగదు కనుక, ఇప్పుడు చేతికందిన రుసుములో ఎంత భాగం ఈ ఏటి రాబడి, ఎంత భాగం రేపటి చెల్లింపుల బాధ్యత అన్న ప్రశ్న ఇలాంటి నిధుల ఆడిటర్‌ను ఏటా వెంటాడుతుంది.

అసలు చిక్కు చెల్లింపుల్లో ఉంటుంది. గుర్రం ఎప్పుడో అమ్ముడుపోయినా, అది గెలిచినప్పుడు ప్రోత్సాహకం దాన్ని పుట్టించిన పెంపకందారుకే చేరే పథకాలు పలు రాష్ట్రాల్లో ఉన్నాయి. ఆ పెంపకందారు చిరునామా మారి ఉండవచ్చు, మరణించి ఉండవచ్చు, పంపిన చెక్కు నెలల తరబడి బ్యాంకుకు రాకపోవచ్చు. ఇలా మిగిలిన సొమ్మును, యజమాని జాడ లేని ఆస్తి కింద, గడువు తీరాక రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించాలి. పెంపకందారుల జాబితా మార్చే వ్యక్తి చేతికే చెక్కు రాసే అధికారం కూడా ఇస్తే ఆ సొమ్ము ఎటు పోయిందో అడిగేవారుండరు. అందుకే ఆడిట్ భాషలో విధుల విభజన అనే సూత్రాన్ని పాటిస్తారు. ప్రతి చెల్లింపునూ, జాతి గుర్రాల పుట్టుకలను నమోదు చేసే జాకీ క్లబ్ వంశావళితోనూ పందెం అధికారిక ఫలితంతోనూ సరిచూస్తారు. పాలకమండలి సభ్యులు కూడా తరచూ పెంపకందారులే కావడం, అంటే పంచేవారూ పుచ్చుకునేవారూ ఒకరే కావడం, మరో చిక్కు.

ఈ తరహా సంస్థలు అమెరికా ఆదాయపు పన్ను శాఖకు సమర్పించే 990 ఫారం ప్రజలకు బహిరంగ పత్రం. ఆ ఏడాది సంస్థ ఆస్తులు గణనీయంగా దారిమళ్లినట్లు తెలిసిందా అని అందులో సూటిగా అడుగుతారు. మళ్లిన మొత్తం స్థూల వసూళ్లలో 5 శాతం, ఆస్తుల్లో 5 శాతం, 2,50,000 డాలర్లు అనే మూడింటిలో ఏది తక్కువో దాన్ని దాటితే అవునని రాయక తప్పదు.

నిఘా కొరవడితే ఏమవుతుందో ఇలినాయ్ రాష్ట్రంలోని డిక్సన్ పట్టణం చూపింది. అది లాభాపేక్ష లేని సంస్థ కాదు, పురపాలక సంఘం. అయినా పాఠం అదే. ఆర్థికాధికారిణి రీటా క్రండ్‌వెల్ 1990 నుంచి 2012 వరకు సుమారు 5.37 కోట్ల డాలర్లు కాజేసి, ఆ డబ్బుతో క్వార్టర్ హార్స్ జాతి గుర్రాలు పెంచి దేశంలో పేరు మోసింది. ఏటేటా ఆడిట్ జరుగుతూనే ఉన్నా బయటపడని మోసం, ఆమె సెలవులో ఉన్నప్పుడు మరో ఉద్యోగిని బ్యాంకు స్టేట్‌మెంట్లన్నీ తెప్పించి చూడటంతో బయటపడింది. ఆడిట్ సంస్థలూ బ్యాంకూ కలిసి 2013లో 4 కోట్ల డాలర్లు చెల్లించి రాజీపడ్డాయి. సర్టిఫికెట్లకు అక్కడ కొరత లేదు. స్టేట్‌మెంటును చివరి వరుస దాకా చదివే ఓపికే కరవైంది.

కోచింగ్ ప్రకటనలు చెప్పని సంగతులు ఇక్కడే మొదలవుతాయి. సీపీఏ పరీక్షలో నాలుగు పేపర్లుంటాయి, హైదరాబాదులోనే రాయవచ్చు, అంతవరకు నిజం. అయితే పరీక్షలో గట్టెక్కడం వేరు, లైసెన్సు పొందడం వేరు. మూడేళ్ల బీకాం సాధారణంగా 90 క్రెడిట్లుగా లెక్కకు వస్తుండగా పరీక్షకే చాలా అమెరికా రాష్ట్రాలు 120 అడుగుతాయి, లైసెన్సుకు పాత నియమం 150. ఆపై లైసెన్సున్న సీపీఏ ధ్రువీకరించిన అనుభవం కావాలి. క్రెడిట్ల లోటు పూడ్చడానికి చేరే అదనపు కోర్సులు, పట్టా మదింపు, డాలర్లలో పరీక్ష రుసుములు అన్నీ కోచింగ్ ఫీజుకు పైమాటే. పైగా అమెరికా సీపీఏకు భారతదేశంలో కంపెనీల చట్టబద్ధ ఆడిట్ నివేదికపై సంతకం చేసే హక్కు లేదు. ఉద్యోగ హామీ పేరిట రుణం ఇప్పించే కేంద్రం దగ్గర తల్లిదండ్రులు ఈ ప్రశ్నలు వేయకుండా సంతకం పెట్టడం అవివేకం.

లాభాపేక్ష లేని సంస్థలో చేరితే అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీ లాటరీ బెడద తప్పుతుందన్న ప్రచారం మరింత ప్రమాదకరం. ఆ మినహాయింపు ఉన్నత విద్యాసంస్థలకూ, వాటికి అనుబంధమైన లాభాపేక్ష లేని సంస్థలకూ, లాభాపేక్ష లేని లేదా ప్రభుత్వ పరిశోధనా సంస్థలకూ మాత్రమే పరిమితం. గుర్రాల పెంపకందారుల సంఘానికి అది సాధారణంగా వర్తించదు.

ఈ నిఘా పనిపై మనసున్నవారు సీఏ ఆర్టికల్‌షిప్‌లోనో సీఎంఏ శిక్షణలోనో రెండు మూడేళ్లు వోచర్లు సరిచూసి, బ్యాంకు ఖాతాకూ పుస్తకానికీ తేడా పట్టుకోవడం వంటబట్టాక, అంతర్గత ఆడిటర్లకు ఉద్దేశించిన సీఐఏ గాని, మోసాల పరిశోధకులకు ఉద్దేశించిన సీఎఫ్ఈ గాని ఎంచుకోవడమే మేలైన క్రమం. డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్న విద్యార్థి ఖర్చు లేకుండా తనను తాను పరీక్షించుకోవచ్చు: అమెరికా వార్తా సంస్థ ప్రోపబ్లికా ఉచితంగా అందుబాటులో ఉంచిన 990 పత్రాల్లో ఏదైనా పెంపకందారుల సంఘానిది తీసి, మూడేళ్ల వసూళ్లనూ చెల్లింపులనూ పక్కపక్కన రాసి, పెరిగినవి ఎందుకు పెరిగాయో ఆ పత్రంలోనే వెతకాలి. అరగంటకే విసుగెత్తిన పిల్లవాణ్ని, ఇంట్లో ఎందరు ఆడిటర్లున్నా, ఈ దారికి బలవంతంగా నెట్టకూడదు; విసుగెత్తని అమ్మాయిని డేటా సైన్స్ కోర్సులో చేర్పించడానికీ తొందరపడనక్కరలేదు.