హనుమంతుడి గొంతు, మన మైకు: నలుగురిలో ఎలా మాట్లాడాలి?



ఈ వారం వీడియోలో కిష్కింధకాండ మూడో సర్గ చెప్పుకున్నాం కదా. టైమ్ చాలక అక్కడ వదిలేసిన పాఠం ఇక్కడ రాస్తున్నాను. మా పుప్పాలగూడలో చాలామంది ఉద్యోగం మాట మీదే నడుస్తుంది. పొద్దున క్లయింట్ కాల్, సాయంత్రం డెమో, వినాయక చవితికి అపార్ట్‌మెంట్ మండపంలో మైకు. విషయం తెలిసి కూడా గొంతు పెగలక, తాము చేసిన పనికి పేరు పక్కవాళ్లకి పోతుంటే చూస్తూ కూర్చునేవాళ్లు మనలో ఉన్నారు. ఈ పాఠం వాళ్ల కోసమే.

రాముడు ఏం గమనించాడు?

సుగ్రీవుడు ఋష్యమూకం మీద ప్రాణభయంతో ఉన్నాడు. విల్లులు పట్టుకొని వస్తున్న ఇద్దరూ వాలి మనుషులేమోనని వణికాడు. ఎవరో కనుక్కోమని హనుమను పంపుతూ, తన వైపు ముఖం ఉండేలా నిలబడి అడగమన్నాడు. అంటే ఎటు తిరిగి నిలబడాలో కూడా ముందే అనుకున్నారన్నమాట! హనుమ భిక్షువు వేషంలో వెళ్లి మాట్లాడాడు. రాముడు లక్ష్మణుడి వైపు తిరిగి ఆ మాట తీరును మెచ్చుకున్నాడు:

• వేదం, వ్యాకరణం చదివిన మనిషి మాట ఇది. ఇంతసేపు మాట్లాడినా ఒక్క తప్పు దొర్లలేదు.
• ముఖం, కళ్లు, నుదురు, కనుబొమలు... ఎక్కడా దోషం లేదు.
• సాగదీయలేదు, అనుమానం మిగల్చలేదు, తొందరపడలేదు, నాన్చలేదు.
• మాట ఛాతీలో పుట్టి, గొంతులోంచి మధ్యస్థాయిలో వచ్చింది.

విషయం, ఒళ్లు, వేగం, గొంతు. నాలుగూ ఒకదానికొకటి తోడు.

ఆరు దోషాలు

వేదం చదివేవాళ్ల కోసం పాణినీయ శిక్ష ఆరు దోషాలు చెప్పింది: రాగం తీయడం, గబగబా చదవడం, తల ఊపడం, రాసుకున్నది చూసి చదవడం, అర్థం తెలియకుండా చదవడం, పీలగొంతు. స్లైడ్ మీద ఉన్నదే చదివేవాళ్లకి నాలుగోది సరిగ్గా తగులుతుంది! మంచి గుణాల్లో అక్షరాలు స్పష్టంగా పలకడంతో పాటు ధైర్యాన్నీ చేర్చింది. ఆడపులి పిల్లని పళ్లతో పట్టుకున్నట్టు అక్షరాన్ని పట్టుకోమంటుంది. జారకూడదు, గాయం కాకూడదు.

రోజూ పది నిమిషాలు

1. నిలబడటం: పాదాలు భుజాలంత ఎడంగా, బరువు రెండు కాళ్ల మీదా సమంగా. చేతిలో ఫోన్, పెన్ను వద్దు. ఖాళీ చేతులు మాటకి తగ్గట్టు వాటంతటవే కదులుతాయి.

2. ఊపిరి: పొట్ట మీద చేయి పెట్టి ముక్కుతో గాలి పీల్చండి. పొట్ట ముందుకు రావాలి, భుజాలు లేవకూడదు. వదులుతూ ఓంకారం పలకండి. ఛాతీ మీద అరచేయి పెడితే సన్నని అదురు తెలుస్తుంది. 5 సార్లు చేసి, అదే స్థాయిలో మీ మొదటి వాక్యం చెప్పండి.

3. వాక్యం చివర: తెలుగులో క్రియ చివర వస్తుంది. ఊపిరి అక్కడే అయిపోతే పని "పూర్తయింది" అన్నారో "పూర్తికాలేదు" అన్నారో ఎదుటివాళ్లకి తెలీదు. అసలు సంగతే మింగేసినట్టు! చిన్న వాక్యం, చివరి అక్షరం దాకా అదే బలం, తర్వాత ఒక్క క్షణం ఆగడం. హనుమాన్ చాలీసా చదివి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఎక్కడ అక్షరాలు జారుతున్నాయో మీకే వినిపిస్తుంది.

4. చూపు: ఒక వాక్యం ఒక మనిషికి, తర్వాతి వాక్యం ఇంకొకరికి. వీడియో కాల్ అయితే కెమెరా వైపు.

గొంతు నొప్పిగా ఉంటే అరవకండి, ఆ రోజు విశ్రాంతి ఇవ్వండి.

ఇదంతా నటన కాదా అని అడగొచ్చు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) గారిని తలుచుకోండి. హరికథలో కాలికి గజ్జె, చేతిలో చిరుతలు, నోట పాట, మధ్యలో మాట. ఒళ్లంతా కథకి సేవ చేస్తుంది. హనుమ కూడా తన గొప్ప చూపించుకోడానికి మాట్లాడలేదు. వెనక కొండ మీద భయపడుతున్న స్నేహితుడి కోసం మాట్లాడాడు. మైకు ముందు కాళ్లు వణికితే "నేనెలా కనిపిస్తున్నాను?" అన్న ప్రశ్న పక్కన పెట్టి, "ఈ మాట ఎవరికి అవసరం?" అని అడగండి. భయం పూర్తిగా పోకపోవచ్చు, కానీ మాటకి దారి ఇస్తుంది.

ఈ వారం హోంవర్క్: ఓంకారం 5 సార్లు, ఒక్క నిమిషం రికార్డింగ్, వరసగా 7 రోజులు. మొదటి రోజుదీ ఏడో రోజుదీ పక్కపక్కన పెట్టి వినండి.

జై హనుమాన్!