వినుట – వినిపించుట

కర్ణాటక సంగీతము చెవితో నేర్వవలసిన విద్య. గురువు పాడును, శిష్యుడు విని మరల పాడును, గురువు దానిని విని దిద్దును. ఈ మూడు పనులును జరిగిననే పాఠము పూర్తియగును. ఇట్లు గురుముఖమున నేర్చిన పాట తీరును ‘పాఠాంతరము’ అందురు.

త్యాగరాజస్వామి (1767–1847) తెలుగున రచించిన కృతులు ఈ విధముగనే మనకు దక్కినవి. వాలాజాపేట, ఉమయాళ్‌పురము, తిల్లైస్థానము అను ఊళ్లకు చెందిన ఆయన శిష్యుల వలన మూడు ప్రసిద్ధ పరంపరలు వెలసినవి. ఒకే కృతి ఆ పరంపరలలో కొన్ని భేదములతో వినబడును. నేర్చుకొనువారు లేకయే ఒక విద్వాంసుడు గతించినచో, ఆయన ఎరిగిన పాఠాంతరమును ఆయనతోనే అంతరించును.

ఈ నష్టమును నివారింప పెద్దలు పలువిధముల ప్రయత్నించిరి. వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ తన గురుదేవుని కృతులను వ్రాసి భద్రపరచెను. ఎట్టయపురము ఆస్థాన విద్వాంసుడగు సుబ్బరామ దీక్షితులు 1904లో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అను బృహద్గ్రంథమును తెలుగున ప్రకటించెను. స్వరములను మాత్రమే వ్రాసిన చాలదని యెరిగి, ఆయన కంపితము, స్ఫురితము, నొక్కు, జారు మొదలగు గమకములకు వేరువేరు గుర్తులను గూర్చెను. అయినను కాగితముపై గుర్తు వేరు, కంఠమున పలుకు వేరు. తోడిరాగమున గాంధారము ఊగుచు పలుకవలెను. పుస్తకములో ‘గ’ అను అక్షరము కదలక నిలిచియుండును. ఆ ఊగు ఎంత? ఎచ్చట మొదలై ఎచ్చట ఆగవలెను? దీనిని చెవియే నిర్ణయింపవలెను.

1902లో మన దేశమున గ్రామఫోను రికార్డింగు మొదలైనది. పాట ధ్వనిరూపమున నిలిచినది గాని, ఆనాటి రికార్డు ఒకవైపున మూడు నాలుగు నిమిషముల పాటయే పట్టెడిది. 1948లో విజయవాడ రేడియో కేంద్రము ప్రారంభమయ్యెను. రేడియోలో ప్రసారమైన సంగీత పాఠములు గురువులేని ఊళ్లకును చేరినవి. ఈ సాధనములు శిష్యునకు వినిపించినవే గాని, శిష్యుని వినలేదు. అతడు తప్పు పాడినను రేడియో ఊరకుండెను.

నేడు ఇంటర్నెట్ వచ్చినది. న్యూయార్కు నగరమున నున్న యొక వైణికుడు విజయవాడలోని గురువునొద్ద నేర్వగోరెననుకొందము. ఇచ్చట ఉదయము ఆరు గంటలగునప్పుడు అచ్చట ముందునాటి రాత్రి, ఋతువును బట్టి, ఏడున్నరయో ఎనిమిదిన్నరయో యగును. అంతియే కాదు. ఇచ్చట వేసిన తాళపు దెబ్బ అచ్చటికి చేరి, అచ్చటి స్వరము మరల ఇచ్చటికి వచ్చునప్పటికి కొంత ఆలస్యమగును. రెప్పపాటు ఆలస్యమైనను లయ చెడును. కావున ఇరువురు ఒక్కసారి కలిసి పాడుట, వాయించుట పొసగదు. ఈ చిక్కునకు ఆడియో పాఠము చక్కని ఉపాయము.

గురువు మొదట తంబుర శ్రుతిని నిలిపి, పల్లవిని విలంబముగా తాళము వేయుచు పాడి రికార్డు చేయును. ఒక్కొక్క సంగతికి తరువాత, శిష్యుడు మరల పలికించుటకు సరిపడు వ్యవధి విడుచును. తుదకు కృతినంతయు ఎడతెగక పాడును. శిష్యుడు కష్టమైన చోటును పదిసార్లు వినవచ్చును. యంత్రసాయమున శ్రుతి మారకుండ వేగమును తగ్గించియు వినవచ్చును. వ్రేలు కంటికి కనబడదు గనుక, తంతిని ఎంత లాగిన ఆ గమకము పలుకునో అతడు చెవితోనే వెదకికొనవలెను.

అసలు పాఠము ఇక్కడనే మొదలగును. శిష్యుడు తాను వాయించినదానిని రికార్డు చేసి గురువునకు పంపవలెను. గురువు తీరిక వేళ విని, “రెండవ సంగతిలో గాంధారము బిగిసినది, మరల వినుము” అని దిద్దును. రేడియో చేయలేని పని ఇదియే.

ఇందు ప్రమాదమును లేకపోలేదు. గురువు ఒకసారి పాడినదానిని వేయిమంది వినవచ్చును. కాని వేయిమంది పాడినదానిని గురువు వేయిసార్లు వినవలెను. అది శ్రమతో కూడిన పని. అందువలన పాఠములను పంపి ఊరకుండు గురువులును, విని ఊరకుండు శిష్యులును ఉండవచ్చును. దిద్దువారు లేని తప్పు నూరుసార్లు సాధన చేసినచో నూరంతలు గట్టిపడును. దానిని మాన్పుట క్రొత్తపాట నేర్పుటకంటె కష్టము. ఆ తప్పే రేపు మరియొకనికి పాఠాంతరముగా అందును.

వ్రాతప్రతి మొదలుకొని ఇంటర్నెట్ వరకు సాధనములెన్నో మారినవి. శిష్యుడు తన పాటను గురువునకు వినిపించుటకు సిగ్గుపడరాదు. గురువు దానిని వినుటకు విసుగుకొనరాదు. ఈ రెండును ఉన్నచోట సముద్రములు అడ్డమున్నను గురుకులము ఉన్నట్లే.