పన్నుకు క్యాపా, వీనీరా, బ్రిడ్జా? ఏ పంటికి ఏ పింగాణీ?

"క్యాపుల్లో ఏది మంచిది సిస్టరమ్మా? జిర్కోనియానా, మామూలు సిరామిక్కా?" అని పళ్ళ వైద్యానికి బయలుదేరేముందు చాలామంది మమ్మల్ని అడుగుతుంటారు. ఖరీదు ఎక్కువైనదే మంచిదని కొందరు, తెల్లగా మెరిసేదే మంచిదని మరికొందరు అనుకుంటారు. రెండూ సరికావు.

మన దుర్గి రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ పని తెలిసినవారు ఏమి చెక్కాలో, దానికి ఏ రాయి ఆగుతుందో ముందు చూసుకుని, ఆ తర్వాతే ఉలి పడతారు. పంటి పని కూడా అలాంటిదే. ఒక్కటే తేడా. రాయి పగిలితే ఇంకో రాయి తెచ్చుకోవచ్చు. అరగదీసిన పన్ను మాత్రం తిరిగి పెరగదు. కాబట్టి ఏ పదార్థం మంచిది అని అడిగేముందు, నా పన్ను ఎంత మిగులుతుంది అని అడగాలి. ఈ పాఠంలో మేము చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

మూడు పనులు, మూడు పేర్లు

క్యాపు: పన్నును చుట్టూ అరగదీసి, దాని మీద టోపీలాగా బిగించే తొడుగు. రూట్ కెనాల్ చేసిన దవడ పన్నుకు, సగం విరిగిన పన్నుకు ఎక్కువగా ఇది వేస్తారు.

వీనీరు: పన్ను ముందు వైపు మాత్రమే అంటించే పలుచని పింగాణీ పొర. సుమారు అర మిల్లీమీటరు మందం ఉంటుంది. మచ్చలు, చిన్న విరుగుళ్ళు, సందులు కప్పడానికి వాడతారు.

బ్రిడ్జి: పన్ను ఊడినచోట అటూ ఇటూ ఉన్న పళ్ళకు క్యాపులు వేసి, మధ్యలో కట్టుడు పన్నును వాటికి కలిపి నిలబెట్టేది. ఊడిన ఒక్క పన్ను కోసం పక్కనున్న రెండు పళ్ళను అరగదీయాలని గమనించండి.

ఎంత అరుగుతుంది?

2002లో ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ అనే ఇద్దరు దంత పరిశోధకులు పళ్ళను అరగదీయక ముందు, తర్వాత తూచి చూశారు. చిగురు పైన కనిపించే పంటి భాగంలో పూర్తి క్యాపు కోసం నూటికి 63 నుంచి 72 వంతులు పోతోంది. వీనీరుకైతే రకాన్ని బట్టి నూటికి 3 నుంచి 30 వంతులే పోతోంది. ఈ లెక్క తెలిస్తే, బాగున్న పళ్ళకు అందం కోసం వరుసగా క్యాపులు తొడిగించుకోవాలని ఎవరికీ అనిపించదు.

పింగాణీ గుణం

మన ఇళ్ళలో ఆవకాయ పింగాణీ జాడీలోనే ఎందుకు పెడతాం? ఉప్పు, పులుపు, నూనె దానిని ఏమీ చేయలేవు. రంగు పట్టదు, తుప్పు పట్టదు. పంటి పింగాణీది కూడా ఇదే గుణం. కానీ జాడీ మూత జారి బండ మీద పడితే ఏమవుతుంది? వంగదు, సొట్టపోదు, పగులుతుంది. పింగాణీకి నొక్కుడు ఆపే శక్తి ఉంది కానీ, వంచే బలానికి అది త్వరగా లొంగిపోతుంది.

అమెరికాలోని డెట్రాయిట్ నగర దంతవైద్యుడు ఛార్లెస్ ల్యాండ్ 1903లో పూర్తి పింగాణీ క్యాపును పరిచయం చేశారు. చూడటానికి బాగుండేది కానీ తేలికగా పగిలేది. 1960 దశకం నుంచి లోపల లోహపు గిన్నె పెట్టి, పైన పింగాణీ కాల్చి అతికించే పద్ధతి వ్యాపించింది. ఆ తర్వాత లోహం అవసరం లేని గట్టి సిరామిక్కులు వచ్చాయి. పాత పింగాణీతో పోలిస్తే లిథియం డైసిలికేట్ సుమారు నాలుగైదు రెట్లు, జిర్కోనియా సుమారు పది రెట్లు వంపును తట్టుకుంటాయి.

ఇప్పుడు దొరికే రకాలు

1. పూర్తి లోహపు క్యాపు. చూడటానికి అందం కాదు. అయితే పగలదు, పన్నును తక్కువగా అరగదీస్తే చాలు. కనబడని చివరి దవడ పన్నుకు ఇప్పటికీ మంచిదే.

2. లోహం మీద పింగాణీ. దీర్ఘకాల అనుభవం ఉన్న రకం. ధర అందుబాటులో ఉంటుంది, బ్రిడ్జీలకు ఆగుతుంది. లోపాలు మూడు. లోహానికీ పింగాణీకీ కలిపి చోటు కావాలి కనుక పన్నును ఒకటిన్నర నుంచి 2 మిల్లీమీటర్ల వరకు అరగదీయాలి. పై పింగాణీ పెచ్చు లేవవచ్చు. చిగురు కిందికి దిగితే అంచున నల్లని గీత కనబడవచ్చు. చవక రకాల్లో నికెల్ కలిసిన లోహం వాడతారు. గిల్టు నగలు పెట్టుకుంటే దురద, దద్దుర్లు వచ్చేవారు ఈ సంగతి వైద్యునికి ముందే చెప్పాలి.

3. లిథియం డైసిలికేట్. గాజు జాతి సిరామిక్. ఈమ్యాక్స్ అనే కంపెనీ పేరుతో ఎక్కువమందికి తెలుసు. వెలుతురు దీని గుండా కొంత సాగుతుంది కనుక సహజమైన పన్నులాగా కనిపిస్తుంది. పన్నుకు గట్టిగా అతుక్కుంటుంది. ముందు పళ్ళ క్యాపులకు, వీనీర్లకు, కోరపన్ను వెనుకనున్న చిన్న దవడ పళ్ళకు తగినది. వెనక దవడ బ్రిడ్జీలకు తగదు.

4. జిర్కోనియా. జిర్కోనియం అనే లోహపు ఆక్సైడు. ఆ మూలకాన్ని 1789లో జర్మనీకి చెందిన క్లాప్రోత్ అనే శాస్త్రవేత్త సిలోను నుంచి వచ్చిన రత్నపురాయిలో గుర్తించాడు. నేడు కంప్యూటరు మిషనులో క్యాపును ముందు పెద్దదిగా మలచి, సుమారు 1500 డిగ్రీల కొలిమిలో కాలుస్తారు. అందులో అది నాలుగో, అయిదో వంతు కుదించుకుని గట్టిపడుతుంది. దవడ పళ్ళకు, బ్రిడ్జీలకు, రాత్రి పళ్ళు కొరికేవారికి అనువైనది. వెలుతురు తక్కువగా సాగే రకం ముందు పళ్ళకు పెడితే సుద్దలాగా కనిపించవచ్చు. వెలుతురు ఎక్కువగా సాగే రకాలూ ఉన్నాయి గానీ వాటి బలం కొంత తక్కువ. అంటే జిర్కోనియా అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు.

5. పలుచని పాత పింగాణీ. అన్నిటికంటే బలం తక్కువ, అన్నిటికంటే సహజమైన అందం దీనిది. ముందు పళ్ళ వీనీర్లకే. వెనుక నుంచి సొంత ఎనామెల్ ఆసరా ఉంటేనే నిలుస్తుంది.

2015లో వెలువడిన ఒక పెద్ద సమీక్షలో అయిదేళ్ళ తర్వాత నిలిచిన క్యాపులను లెక్కించారు. లోహం మీద పింగాణీ నూటికి సుమారు 95, గాజు జాతి సిరామిక్ 97, జిర్కోనియా 92 నిలిచాయి. జిర్కోనియా క్యాపుల్లో ఆనాడు పైన వేరే పింగాణీ పూసినవి ఉండేవి, ఆ పూత పెచ్చులు లేచేది. ఇప్పుడు దవడ పళ్ళకు పూత లేకుండా ఒకే ముద్దగా చేసిన జిర్కోనియాను ఎక్కువగా వాడుతున్నారు. ఏ రకమైనా నూటికి 90కి పైగా నిలిచింది. సరిగా చేసి, సరిగా చూసుకుంటే మధ్య రకం ధరది కూడా మోసం చేయదు.

గారపళ్ళు ఉన్నవారికి ప్రత్యేకంగా

మన పల్నాడులో కొన్ని ఊళ్ళ బోరునీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. అలాంటి నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద సుద్ద మచ్చలు, గోధుమరంగు చారలు వస్తాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట వైద్య పత్రికకెక్కించినది కూడా మనకు దగ్గరలోనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల పల్లెల గురించి రాశారు.

పెళ్ళి సంబంధాలు చూస్తున్నారనో, ఉద్యోగానికి వెళ్ళాలనో కొందరు తల్లిదండ్రులు ఆడపిల్లను వెంటబెట్టుకుని వస్తారు. "పై పళ్ళు ఆరూ అరగదీసి క్యాపులు వేయిద్దామనుకుంటున్నాం" అంటారు. ఆ పిల్ల నోరు తెరిచి నవ్వడానికి సిగ్గుపడుతూ ఉంటుంది. ఆమె బాధ నిజమైనదే, తేలికగా తీసుకోకూడదు. కానీ ఆ పళ్ళు మచ్చపడ్డాయి కానీ తరచు లోపల గట్టిగానే ఉంటాయి. ఇరవై ఏళ్ళ వయసులో తొడిగిన క్యాపు జీవితకాలం ఉండదు. నలభైలో, అరవైలో మళ్ళీ మార్చాలి. మార్చిన ప్రతిసారీ సొంత పన్ను కొంత పోతుంది. అందుకే మెట్టు మెట్టుగా వెళ్ళండి.

మొదటి మెట్టు: గార తీయించి శుభ్రం చేయించడం. వక్క, పొగాకు, టీ మరకలు కొన్ని దీంతోనే పోతాయి.

రెండవ మెట్టు: పై పొరను కొద్దిగా రాపిడితో తీసే మైక్రో అబ్రేషన్, బ్లీచింగ్, సుద్ద మచ్చల్లోకి రెసిన్ ఇంకించే పద్ధతి. తేలిక, మధ్యరకం మచ్చలకు ఇవి చాలావరకు సరిపోతాయి.

మూడవ మెట్టు: పంటి రంగు సిమెంటు, అంటే కాంపోజిట్, పైన అద్దడం. చవక, పాడైతే మళ్ళీ అద్దవచ్చు. కొన్నేళ్ళకు రంగు మారుతుంది.

నాలుగవ మెట్టు: పింగాణీ వీనీరు. ముదురు మచ్చలకు, పెచ్చులూడిన ఎనామెల్‌కు.

అయిదవ మెట్టు: పూర్తి క్యాపు. పన్ను బాగా విరిగినా, రూట్ కెనాల్ జరిగినా మాత్రమే.

ఇక్కడొక విషయం తెలుసుకోవాలి. వీనీరు అతకాలంటే ఎనామెల్‌ను ఆమ్లంతో కొంచెం గరుకు చేస్తారు. ఫ్లోరైడు సోకిన ఎనామెల్ పై పొర ఆ ఆమ్లానికి సులువుగా లొంగదు. కాబట్టి ఈ పళ్ళ మీద అనుభవం ఉన్న వైద్యుని దగ్గరే చేయించుకోండి. పిల్లల్లో పంటి లోపలి నరం గది పెద్దది, చిగురు ఇంకా కిందికి దిగుతూ ఉంటుంది. అందుకే పెద్ద పనులకు 18 ఏళ్ళు దాటేవరకు ఆగడం మేలు.

ఇంట్లో చిన్నపిల్లలుంటే అసలు మందు నీళ్ళలో ఉంది. పక్కా పళ్ళు తయారయ్యేది సుమారు ఎనిమిదేళ్ళ లోపే. లీటరులో ఒకటిన్నర మిల్లీగ్రాములు మించని నీళ్ళే తాగించాలి. నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడు పోదు, ఇంకా చిక్కబడుతుంది.

కుర్చీలో కూర్చునేముందు అడగండి

1. ఈ పన్నుకు క్యాపు తప్పదా? ఇంకా తేలిక మార్గం ఉందా?
2. ఎంత మందం అరగదీస్తారు?
3. ఏ పదార్థం? దాని పేరు, వారంటీ కార్డు ఇస్తారా?
4. బ్రిడ్జి అయితే, పక్క పళ్ళు బాగుంటే తీసిపెట్టుకునే కట్టుడు పళ్ళు గానీ, ఇంప్లాంటు గానీ కుదురుతాయా?
5. మొత్తం ఖర్చు ఎంత? రూట్ కెనాల్ అందులో కలిసి ఉందా?

ఈ ప్రశ్నలు అడిగితే మంచి వైద్యుడు విసుక్కోడు. ఖర్చు భారమైతే విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల, గుంటూరు దగ్గర తక్కెళ్ళపాడులోని సిబార్ కళాశాల వంటి బోధనాసుపత్రుల్లో విచారించండి. అలాంటిచోట ఖర్చు సాధారణంగా బయటకంటే తక్కువ, సమయం మాత్రం ఎక్కువ పడుతుంది. సంతల్లో, రోడ్డు పక్కన అప్పటికప్పుడు పళ్ళు అతికించేవారి దగ్గరకు మాత్రం వెళ్ళవద్దు. వారు పక్క పళ్ళకు కలిపి అతికించే ముద్ద కింద చీము పట్టి, ఉన్న పళ్ళు కూడా ఊడతాయి. చట్టం ప్రకారం దంతవైద్యులుగా పేరు నమోదైనవారే ఈ పని చేయాలి.

వేయించుకున్న తర్వాత

క్యాపుకు పుచ్చు పట్టదు, నిజమే. కానీ క్యాపు అంచున, చిగురు దగ్గర మిగిలిన సొంత పన్నుకు పడుతుంది. క్యాపు పోయేది చాలాసార్లు ఇలాగే. కాబట్టి రోజూ రెండుసార్లు మెత్తని బ్రష్షుతో తోమాలి. బొగ్గు, ఇటుక పొడి, ఉప్పు వాడవద్దు. బ్రిడ్జి కింద చిన్న బ్రష్షు గానీ, దారం గానీ దూర్చి శుభ్రం చేయాలి.

చెరకు చీల్చడం, మాంసపు ఎముక కొరకడం, సీసా మూత పళ్ళతో తీయడం మానాలి. కొత్త క్యాపు ఎత్తుగా తగులుతుంటే అలవాటవుతుందిలే అని ఊరుకోకుండా వెంటనే సరిచేయించాలి. సరిచేసిన చోట నునుపుగా పాలిష్ పెట్టించాలి. గరుకు పింగాణీ ఎదుటి సొంత పన్నును అరగదీస్తుంది. ఆరు నెలలకొకసారి చూపించుకోండి. షుగరు ఉన్నవారు చిగుళ్ళ వాపును అస్సలు నిర్లక్ష్యం చేయకూడదు.

గుర్తుంచుకోవలసినవి

దవడ పన్నుకు బలం ముఖ్యం: జిర్కోనియా, లోహం మీద పింగాణీ, లేదా లోహం. ముందు పన్నుకు బలం, అందం రెండూ కావాలి: లిథియం డైసిలికేట్. మచ్చలకు మొదట శుభ్రం, బ్లీచింగ్, కాంపోజిట్, ఆ తర్వాతే వీనీరు. బాగున్న పన్నుకు ఏదీ వద్దు. ఎంత ఖరీదైన పింగాణీ అయినా దాని కింద నిలబెట్టేది మీ సొంత పన్నే. అది ఎంత మిగిలితే క్యాపు అంతకాలం నిలుస్తుంది.