చౌరస్తాలో నిలిచిన పాఠం



మన దేవాలయంలో పునీతుల స్వరూపం ముందు నిలబడినప్పుడు మనం రాతికీ రంగుకూ మొక్కడం లేదు. ఆ వ్యక్తి జీవించిన తీరును జ్ఞాపకం చేసుకుంటున్నాం. వీర సైనికుని విగ్రహం ముందు కూడా ఆ తీరునే వెదకాలి.

మిరప, పత్తి పనులు ముగించుకుని గుంటూరు నుంచి హైదరాబాదు వెళ్ళేవారికి సూర్యాపేట తెలిసిన ఊరే. అక్కడ కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు విగ్రహాన్ని 2021 జూన్ 15న ఆవిష్కరించారు. ఆయన చిన్నతనంలోనే ఇల్లు విడిచి విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక పాఠశాలలో చేరారు. ఖడక్‌వాస్లాలోని జాతీయ రక్షణ అకాడమీలో, డెహ్రాడూన్ సైనిక అకాడమీలో శిక్షణ పొంది 2004లో సైన్యంలో అధికారి అయ్యారు.

2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. సరిహద్దు ఒప్పందాల కారణంగా అక్కడ తుపాకులు పేలలేదు. రాళ్ళతో, కర్రలతో, ఇనుప కడ్డీలతో పోరు సాగింది. 16వ బీహార్ దళానికి నాయకుడైన సంతోష్ బాబు తన వారికి ముందు నిలిచి ప్రాణం అర్పించారు. ఆ ఘర్షణలో మన సైనికులు 20 మంది మరణించారు. ఆయనకు ప్రకటించిన మహావీరచక్రను 2021 నవంబరులో తల్లి, భార్య అందుకున్నారు.

ఖడక్‌వాస్లా అకాడమీలో ఒక స్మృతి కుటీరం ఉంది. అక్కడ చదివి, విధి నిర్వహణలో మరణించిన వారి పేర్లు అందులో ఉంటాయి. కొత్తగా చేరిన కుర్రవాడు వాటిని చదివినప్పుడు, తాను ధరించబోయే దుస్తుల వెల ఎంతో తెలుసుకుంటాడు.

మనం నేర్చుకోవలసినది ఏమిటి? నాయకుడు ముందు నడవాలి, వెనుక నిలబడి ఆజ్ఞలిచ్చేవాడు కాడు. ఇంటి పెద్దకూ, సంఘ పెద్దకూ ఇదే వర్తిస్తుంది. ఇంకొకటి: వీరుని స్మరించడమంటే ఎదుటి దేశపు ప్రజలను ద్వేషించడం కాదు. అవతలి వైపు కూడా తల్లులున్నారు.

సంవత్సరానికొకసారి వేసే పూలదండ సాయంత్రానికి వాడిపోతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి దుఃఖం అలా వాడిపోదు. మీ విచారణలో సైనికుల కుటుంబాలు ఉంటే ఈ ఆదివారం వారి ఇంటికి వెళ్ళండి. పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తి వెలిగించేటప్పుడు, తిరిగి ఇల్లు చేరని వారి కోసం కూడా ఒకటి వెలిగించండి.